బావ బస్సు, అక్క చేతిలో తాడు

తెనాలి నుంచి సముద్రం చూసి రావడం పెద్ద పనేమీ కాదు. బాపట్లకు రైలుంది, అక్కడి నుంచి ఆటోలున్నాయి. పొద్దున్నే బయల్దేరితే కాళ్లు తడుపుకుని, మధ్యాహ్నం కునుకు వేళకు ఇంట్లో ఉండొచ్చు. ఆ పనికి మాకు మూడు రోజులు పట్టింది. వెళ్లొచ్చిన దగ్గర్నుంచి కనిపించినవాళ్లందరూ అడుగుతున్నారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి మళ్లీ చెప్పలేక ఇలా కూర్చుని రాస్తున్నాను.

తెనాలి

మా బావ పేరు కోటేశ్వరరావు. నా మేనత్త కొడుకు. ఆ తర్వాత మా అనసూయక్కను చేసుకుని రెండోసారి కూడా చుట్టమయ్యాడు. చిన్నప్పుడు గోళీలాటలో నా గోళీలు ఎగ్గొట్టిన మనిషి కాబట్టి 'మీరు' అనడం నాకు ఏనాడూ అలవాటు కాలేదు. తెనాలిలో చాలాకాలం ఎరువుల కొట్టు నడిపి, కొడుక్కి అప్పజెప్పి, ఖాళీ అయ్యాడు. ఖాళీగా ఉన్న పెద్దమనిషి చేతికి ఫోన్ వస్తే కొందరు వైద్యులవుతారు, కొందరు రాజకీయ విశ్లేషకులవుతారు. బావ మాత్రం, ఎక్కడెక్కడివాళ్లో పాత బస్సుల్లో మంచాలు, పొయ్యిలు అమర్చుకుని ఊళ్లు తిరిగే వీడియోలు చూశాడు. ఒకరోజు ఇంటి ముందు పసుపురంగు స్కూలు బస్సొకటి ఆగింది. అక్క వాకిట్లోకి వచ్చి చూసి, "ఎవరి పిల్లల్ని ఎక్కించుకొచ్చారండీ?" అని అడిగిందట.

లోపలి పనంతా మస్తాన్ చేశాడు. తెనాలిలో మంచాలకు, బీరువాలకు పేరున్న వడ్రంగి. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, "రావుగారూ, ఇల్లు కదలదు కాబట్టి సామాను నిలబడిద్దండి. ఇదేమో కదిలిద్ది. నాకు పూచీ లేదు" అని ముందే చెప్పేశాడట. అయినా ముచ్చటగా చేశాడు. రెండు మంచాలు, గోడకు మడిచిపెట్టే మూడో మంచం, గ్యాస్ పొయ్యికి గట్టు, దాని పక్కన గిన్నెల అలమర, బీరువా అంత బాత్రూం, పైకప్పు మీద నీళ్ల ట్యాంకు, ఎండకు పనిచేసే కరెంటు పలక. కిటికీల మీద 'తల, చేతులు బయట పెట్టరాదు' అన్న అక్షరాలు మాత్రం ఎంత గీకినా పోలేదు. బయట రంగు బావే ఎంచుకున్నాడు. వేసి చూస్తే బస్సు అచ్చం మన పల్లెవెలుగు బస్సుకు తోడబుట్టినట్టు తయారైంది.

అక్క ఒక షరతు పెట్టింది. "ఒక్కసారి వస్తాను. మీ సరదా తీరేదాకా తిరగండి. రాగానే దీన్ని అమ్మేయాలి. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

బావ కాసేపు బస్సు వంక చూసి "సరే" అన్నాడు. ఆ సరే వింటే నాకే జాలేసింది. అయినా ఆయన మాట ఇస్తే నిలబెట్టుకునే రకం. గోళీల సంగతి వేరు.

నన్ను ఇద్దరూ విడివిడిగా పిలిచారు. నేను తన పక్షాన ఉంటానని బావ, అవసరమైతే బస్సు తోస్తానని అక్క.

చుండూరు దాటాక

డిసెంబరు నెల. కోతలు అయిపోయి, తారురోడ్డు మీద ఒకవైపు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా తెనాలిలో రోడ్డు సగాన్ని బళ్లు ఆపుకోవడానికి వాడతారు. వడ్లయితే చూడ్డానికి కాస్త అందంగానైనా ఉంటాయి. ఇద్దరు ఆడవాళ్లు కాళ్లతో వడ్లు తిరగేస్తూ అటూ ఇటూ నడుస్తున్నారు.

వాళ్ల దగ్గరకు వచ్చేసరికి బస్సు ముందు నుంచి ఆవిరి లేచింది. బావ పక్కకు తీసి ఆపాడు. పక్క అంటే వడ్ల అంచు మీదకి. "ఏం కాలేదు, ఇంజనుకు దాహమేసింది. పైన ట్యాంకునిండా నీళ్లున్నాయి" అని ధైర్యంగా నిచ్చెనెక్కాడు. పైన మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

ట్యాంకులో నీళ్లు లేవు. బాత్రూంకు వెళ్లే పైపు ఊడి, తెనాలి నుంచి దారి పొడుగునా కారుతూ వచ్చాయి. మిగిలిన కాసిని నీళ్లు అప్పుడే బస్సు కింద నుంచి సన్నగా పాక్కుంటూ వడ్లలోకి వెళుతున్నాయి.

గట్టు మీద కూర్చున్న రైతు పరుగెత్తుకొచ్చాడు. "బాబాయ్, వారం నుంచి ఎండబెడతన్నానండి. మీరొచ్చి నానబెడతన్నారు."

బావ నిచ్చెన మీద నుంచే ఒకసారి ట్యాంకు వంక, ఒకసారి వడ్ల వంక చూశాడు. అక్క మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని దిగి, ఆడవాళ్ల దగ్గర నుంచి వడ్లు నెట్టే చెక్క తీసుకుని తడిసినంత మేరా పక్కకు లాగడం మొదలుపెట్టింది. నేను చేతులతో ఎత్తాను. ఆ ఇద్దరిలో చిన్నామె కిటికీలోంచి తొంగిచూసింది. లోపల పరుపులు, పొయ్యి, అలమర. "ఇది ఇల్లా అక్కా, బస్సా?" అని అడిగింది.

"ఇంకా తేలలేదమ్మా" అంది అక్క.

తడిసింది తట్టెడు కంటే ఎక్కువ కాదని తేలాక రైతు చల్లబడ్డాడు. కాలువలోంచి బకెట్లతో నీళ్లు తానే తెచ్చి పోశాడు. ఇంజను చల్లారేలోగా బావ ఆయన్ని లోపలికి పిలిచి, వద్దంటున్నా అన్నీ చూపించాడు. రైతు మంచం మీద కూర్చుని, రెండుసార్లు పైకీ కిందకీ ఊగి, "ఇట్టాంటిది నాకొకటి ఉంటే వడ్ల కాపలాకి బ్రహ్మాండంగా పనికొచ్చిద్ది" అన్నాడు. బస్సును మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. బావ ఆ మాటను బాపట్ల చేరేదాకా మాకు గుర్తుచేస్తూనే ఉన్నాడు.

సూర్యలంక

బావకు ఒక కోరిక ఉంది. తెల్లవారి కళ్లు తెరిస్తే, మంచం దిగకుండా, తలుపులోంచి సముద్రంలో సూర్యుడు కనిపించాలి. అందుకు బస్సు రోడ్డు దిగాలి. టీ కొట్టు నడిపే ఆమె, "ఇసకలోకి దించమాకండి అన్నయ్యా, దిగబడిద్ది" అని చెప్పింది. బావ కాలితో నేల తొక్కి చూసి, "ఇక్కడ గట్టిగానే ఉంది" అన్నాడు. ఉన్న మాటే. బావ బరువుకు గట్టిగానే ఉంది.

సాయంత్రం అక్క అన్నం వండింది. మలుపు దగ్గర అలమర తలుపు దానంతట అదే తెరుచుకుని కందిపొడి డబ్బాను పరుపు మీద బోర్లించింది కాబట్టి, ఆ పూట కందిపొడి అన్నం తినక తప్పలేదు. నెయ్యి వేసుకుని సముద్రపు గాలికి తింటే, చెప్పకూడదు గానీ, ఇంట్లో కంటే బాగుంది.

పొద్దున లేచేసరికి నా తల కిందకి, కాళ్లు పైకి ఉన్నాయి. వెనక చక్రాలు సగం దాకా ఇసుకలో కూరుకుపోయి, బస్సు కొంగలా మెడ ఎత్తుకుని నిలబడింది. బావ మంచం మీద నుంచి జారి వంటగట్టు దగ్గర తేలాడు. అయినా తలుపు తెరిస్తే ఎదురుగా సముద్రం. ఎర్రగా, నిదానంగా సూర్యుడు లేచాడు. అక్క కాఫీ గ్లాసుతో మెట్టు మీద కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా లేవలేదు. బావ ఆమె మొహం వంకే చూస్తున్నాడు. ఒక్క మంచి మాట అంటుందేమోనని.

"బస్సు ఎలా తీస్తారు?" అంది అక్క.

కొంచెం అవతల పదిమంది దాకా ఒడ్డున నిలబడి పెద్ద వల లాగుతున్నారు. వల ఒడ్డుకు వచ్చాక వాళ్లే మా దగ్గరకు వచ్చారు. ఒకాయన బస్సును తట్టి, "మా వల్లో ఇంతది ఎప్పుడూ పళ్లేదండి" అన్నాడు. కొబ్బరిమట్టలు తెచ్చి చక్రాల కింద పరిచి, ముందు కమ్మీకి తాడు కట్టి, వల లాగినట్టే పాటగా లాగారు. అక్క, నేను వెనక తోశాం. మూడో లాగుకు బస్సు కదిలింది. నా నోట్లోకి వచ్చిన ఇసుక సాయంత్రం దాకా పళ్లకింద పలుకుతూనే ఉంది.

ఏం ఇవ్వమంటారని బావ అడిగితే ఏమీ వద్దన్నారు. లోపల కరెంటుందని తెలిసి, ఫోన్లు ఛార్జింగు పెట్టుకోవచ్చా అని మాత్రం అడిగారు. చూస్తుండగానే కిటికీల పొడుగునా ఫోన్లు వేలాడాయి. అవి నిండేదాకా మాకు వేపిన చేపలు పెట్టారు. మన ఇళ్లలో చేపకు ఉప్పు, కారం, అల్లం, మసాలా ఇంత పట్టించి గంట నానబెడతాం. వాళ్లు ఉప్పు, పసుపు రాసి నూనెలో వేశారు. అంతే. మసాలా ఎందుకు వేయలేదని అడిగితే, "చేప రుచి తెలవొద్దా అండి?" అని ఎదురు అడిగారు.

బాపట్లలో ఎక్కిన మనిషి

బాపట్లలో బస్టాండు దారిలో పెరుగు కోసం ఆగాం. నేను కొట్టుకెళ్లాను. బావ, అక్క కిందకి దిగి, తర్వాత ఎటు వెళ్లాలో వాదించుకుంటున్నారు. నేను రాగానే ముగ్గురం ముందు భాగంలో ఎక్కి బయల్దేరాం. నిజాంపట్నం వైపు చాలా దూరం వచ్చాక వెనక నుంచి వినిపించింది.

"కండక్టరేడి బాబూ?"

తిరిగి చూస్తే, అక్క మంచం మీద, కిటికీ పక్కన ఒక పెద్దామె తీరుబడిగా కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర బుట్ట. చేతిలో ఆధార్ కార్డు, చూపించడానికి సిద్ధంగా. ఆడవాళ్లకు బస్సు టిక్కెట్టు లేకుండా చేశారు కదా, దానికోసం.

అక్క వెళ్లి పక్కన కూర్చుంది. "మామ్మగారూ, ఇది ఆర్టీసీ బస్సు కాదండి. మా సొంతది."

పెద్దామె చుట్టూ చూసింది. "పరుపులు చూసి, ఇప్పుడు ఇయి కూడా ఏత్తన్నారు గామాలనుకున్నా" అంది.

ఆమె పేరు పోలేరమ్మ. వెళ్లాల్సింది అడవులదీవి. చెల్లెలికి ఒంట్లో బాగాలేకపోతే చూడ్డానికి బాపట్ల వచ్చి, ఇప్పుడు కొడుకు దగ్గరకు వెళుతోంది. కొడుకు నాగరాజు ఆరోజే కొత్త పడవ నీళ్లలో దించుతున్నాడు. పాత పడవ తుఫానులో ముక్కలైపోయింది. అప్పటి నుంచి అతను వేరేవాళ్ల పడవల మీద కూలికి వెళుతున్నాడు. ఇప్పటికి సొంతది కుదిరింది. వాళ్ల ఇంట్లో పడవకు మొదటి కొబ్బరికాయ తల్లి కొట్టాలి. పడవ దించేది మధ్యాహ్నం పోటు మీద. వాగులోకి సముద్రపు నీళ్లు ఎక్కి నిలిచే వేళ కొద్దిసేపే ఉంటుంది. అది దాటితే బురదలో పడవ కదలదు.

"రేపైనా దించొచ్చు కదా మామ్మా?" అన్నాను.

"ముహూర్తం ఇయ్యాలిటిదయ్యా. పడవ కట్టినోళ్లు, చుట్టాలు, అందరూ వచ్చున్నారు. నాయన లేని పిల్లోడు. నేను గూడా అందకపోతే..." ఆపేసి కిటికీలోంచి చూడసాగింది. ఫోన్ చెల్లెలి ఇంట్లో మరిచిపోయిందట. కొడుకు నంబరు నోటికి రాదు.

బావ అద్దంలోంచి ఆమెను చూసి, గొంతు సవరించుకుని, "పోలేరమ్మగారూ, మీరు నిశ్చింతగా కూర్చోండి. గంట ముందే దింపుతాను" అన్నాడు.

అక్క కళ్లు మూసుకుంది. ఆ బస్సును అప్పటికి ఆమె కూడా అర్థం చేసుకుంది.

కాలువ గట్టు మీద

మాట ఇచ్చిన కాసేపటికే, కాలువ గట్టు మీద, చుట్టుపక్కల ఇల్లన్నది లేనిచోట బస్సు బుసకొట్టి నెమ్మదైపోయింది. బావ కాలు యాక్సిలేటర్ మీద ఊరికే ఆడుతోంది. తీగ తెగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది గానీ, దానికి వేగం పెంచమని చెప్పే దారి లేదు.

వెళ్లే ఆటో ఒకటి కనిపించింది. చెయ్యెత్తాను. లోపల మనుషులు, పైన గడ్డి మోపులు. ఆగలేదు. పోలేరమ్మ ఎండ వంక చూసి టైము లెక్కేసుకుంటోంది. తిట్టినా బాగుండేది.

బావ సీటు పక్కన ఇంజను మీది మూత ఎత్తి లోపలికి చూస్తూ కూర్చున్నాడు. నేను ఎగతాళికి ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను. కాసేపటికి తల ఎత్తి, "తాడుందా?" అన్నాడు.

పోలేరమ్మ బుట్టలోంచి నైలాన్ తాడు చుట్ట తీసింది. పడవ కోసం కొన్నది. బావ దాని కొసను ఇంజను దగ్గర తెగిన తీగ ఉండే చోట కట్టి, రెండో కొస పైకి తెచ్చాడు. "మా నాన్న రైసుమిల్లు లారీకి ఇలాగే తెగితే, రేపల్లె నుంచి తెనాలి దాకా నేను తాడు లాగాను. నాన్న నడిపాడు. ఎవరో ఒకరు ఇక్కడ కూర్చుని లాగాలి. లాగితే పోతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. క్లచ్, బ్రేకు నేను చూసుకుంటాను."

నేను ముందుకు వచ్చాను. "నువ్వు కాదు. నీకు చెయ్యి నిలకడ లేదు" అంది అక్క. దిండు ఒకటి తెచ్చుకుని ఇంజను పక్కన వేసుకుని, చేతికి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది.

మొదటి లాగుకు బస్సు గుర్రంలా ఎగిరింది. అలమర తెరుచుకుని గిన్నెలన్నీ కిందకొచ్చాయి.

"నెమ్మదిగా, అనూ" అన్నాడు బావ.

"మీరు దారి చూసి తోలండి. వేగం సంగతి నాకు వదిలేయండి."

ఇన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ అంత ఒద్దికగా ఒక పని చేయడం నేను చూడలేదు. బావ "గేరు" అనగానే అక్క వదిలేది. "ఊ" అనగానే లాగేది. గతుకు వస్తుంటే ఆయన చెప్పకముందే తగ్గించేది. కొంచెం దూరం పోయాక మాటలు కూడా అవసరం లేకపోయింది. ఆయన భుజం కదలికను బట్టి ఆమె చెయ్యి కదిలేది. దారిలో ఇద్దరు ముగ్గురు బస్సనుకుని చెయ్యెత్తారు. ఎవరికీ ఆగలేదు. ఆపితే మళ్లీ ఎలా ఉంటుందోనని. పోలేరమ్మ ముందుకొచ్చి అక్క వెనకే నిలబడి, "ఇంకాస్త లాగమ్మాయ్, పోటు మనకోసం ఆగదు" అంది. అక్క లాగింది. వేడికి ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. జుట్టు ఊడింది. పట్టించుకోలేదు.

అడవులదీవి

వాగు ఒడ్డుకు చేరేసరికి పోటు తీయడం మొదలైంది. గట్టు మీద తడి గీత, దానికి బెత్తెడు కిందకు నీళ్లు. పసుపూ కుంకుమా పెట్టిన నీలిరంగు పడవ దుంగల మీద సిద్ధంగా ఉంది. దాని చుట్టూ జనం. పెద్దవాళ్లు కొందరు "ఇంక రేపు చూసుకుందాం" అంటున్నారు. నాగరాజు పడవ అంచు పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. బస్సులోంచి తల్లి దిగడం చూసి, ఎదురొచ్చి, బస్సు లోపలికి చూసి, తాడు పట్టుకుని కూర్చున్న మా అక్కను చూసి, ఏమడగాలో తెలియక, "ఇదేం బస్సే అమ్మా?" అన్నాడు.

"తర్వాత చెప్తా. కాయ ఇయ్యి" అంది పోలేరమ్మ.

ఒక్క దెబ్బకు కొబ్బరికాయ పగిలింది. మగవాళ్లంతా భుజాలు ఆనించారు. పడవ దుంగల మీద గడగడా వెళ్లి, సగం నీళ్లలోకి దిగి, బురద కరుచుకుని ఆగిపోయింది. మళ్లీ తోశారు. కదల్లేదు. నీళ్లు కళ్లముందే తగ్గుతున్నాయి. అందరి అరుపుల మధ్య పోలేరమ్మ ఒక్కతే కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది.

బావ ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. నేనూ దిగాను. అక్కా దిగింది. ఆమెను చూసి ఒడ్డున ఉన్న ఆడవాళ్లంతా దిగారు. మోకాళ్ల దాకా బురద. అక్కడ తోసినవాళ్లలో ఎవరు ఏ ఊరివాళ్లో ఎవరికీ తెలియదు. నాగరాజు పలికిన పలుకుకు అందరం ఒకేసారి ఊపిరి బిగబట్టి తోశాం. పడవ కాస్త ఊగింది. ఇంకోసారి. జారింది. చేతుల కింద నుంచి అంత బరువూ ఒక్కసారిగా మాయమై, నేను ముందుకు బురదలో బోర్లా పడ్డాను. లేచి కళ్లు తుడుచుకునేసరికి పడవ వాగు మధ్యలో తేలుతోంది. పోలేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాగరాజు పైకెక్కి ఇంజను తిప్పాడు. పలకలేదు. మళ్లీ తిప్పాడు. దగ్గి ఊరుకుంది. ఆ మూడు రోజుల్లో మా బావ మొహం అంతగా వెలిగిపోవడం అప్పుడే చూశాను. "కొత్త బండికి మామూలేనయ్యా" అని ఒడ్డు నుంచి ఓదార్చాడు. ఇంకొకరి బండి ఆగిపోతే తాను ఒడ్డున నిలబడి ఓదార్చే భాగ్యం ఆయనకు అప్పటిదాకా దక్కలేదు. నాలుగో తిప్పుకు ఇంజను అందుకుంది. అందరూ ఈల వేశారు. బావ కూడా వేశాడు, కొంచెం ఆలస్యంగా.

ఆ పూట భోజనం నాగరాజు ఇంటి ముందు, చాపల మీద. పండుగప్ప పులుసు, పీతల వేపుడు. తెనాలి మార్కెట్లో పండుగప్ప ధర అడిగి మర్యాదగా పక్కకు తప్పుకునేవాణ్ని. ఇక్కడ ముక్క మీద ముక్క వేస్తూ, "ఇంత తక్కువ తింటే బస్సెట్టా తోత్తావయ్యా?" అని పోలేరమ్మ నన్ను నిలదీసింది. నా ఉద్యోగం ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

నిజాంపట్నం

మర్నాడు ఉదయం నాగరాజు మమ్మల్ని నిజాంపట్నం తీసుకెళ్లాడు. హార్బరులో అప్పుడే పడవలు వచ్చాయి. చేపల గుట్టల చుట్టూ వేలంపాట నడుస్తోంది. పాట పాడేవాడు ఏ భాషలో మాట్లాడుతున్నాడో నాకు కాసేపు అర్థం కాలేదు. తెలుగేనట. మా తెనాలిలో ఒక కిలో వంకాయలకు పావుగంట బేరమాడతాం. అక్కడ అంత పెద్ద గుట్ట, తల ఊపి, వేలు చూపి, నేను తుమ్మేలోపు అమ్ముడైపోయింది. తుమ్మే ముందు చెయ్యి పైకెత్తొద్దని నాగరాజు హెచ్చరించాడు.

పడవల ఇంజన్లు చూసే మెకానిక్ ఒకాయన బస్సుకు కొత్త తీగ వేశాడు. వేసి, తాడు విప్పి అక్క చేతిలో పెట్టాడు. అక్క దాన్ని చుట్ట చుట్టి, "మళ్లీ తెగుతుందా?" అని అడిగింది.

"తెగదమ్మా. గట్టిది ఏశాను."

"ఓహో" అంది అక్క. అంత మంచి కబురు అంత నీరసంగా అందుకున్నవాళ్లను నేను చూడలేదు.

పక్కనే చేపలు ఎండబెట్టే చోట బావ ఎండురొయ్యలు, ఎండుచేపలు బస్తాడు కొన్నాడు. లోపల పెడితే తాను దిగిపోతానని అక్క అనడంతో పైకప్పు మీద కట్టాడు. హార్బరు దాటేసరికి కాకులు, గద్దలు బస్సును వెంబడించాయి. ప్రతి ఊళ్లో కుక్కలు ఎదురొచ్చి సాగనంపాయి. ఆ వాసనకు ఒక మేలు జరిగింది. రోడ్డు పక్క చెయ్యెత్తినవాళ్లు బస్సు దగ్గరకు రాగానే చెయ్యి దించేశారు.

రేపల్లె

రేపల్లెలో రోడ్డు పక్క ఒక టిఫిన్ కొట్టు ముందు ఆగాం. ఇడ్లీ వేడిగా ఉంది, అల్లం పచ్చడి కళ్లలో నీళ్లు తెప్పించింది. కొట్టు యజమాని సుబ్బారావుగారు మాకు వడ్డించి, బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి, బావ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్ముతారాండి?"

బావ చేతిలో ఇడ్లీ ముక్క ఆగింది. నేను పళ్లెంలోకి చూశాను.

"ఈ కొట్టు అద్దెదండి. ఎప్పుడు కాళీ చెయ్యమంటారో తెలవదు. అవతల నాకు ఇంత చోటుంది. మీ బస్సయితే వంటగట్టుతో సహా తయారుగా ఉంది. మీరు పెట్టిందానికి తక్కువ చెయ్యను" అన్నారాయన. మనిషి నిజాయితీగానే అడుగుతున్నాడు.

బావ టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. తల ఎత్తకుండా, "మా ఆవిడతో మాట్లాడండి. నేను మాటిచ్చాను" అన్నాడు.

సుబ్బారావుగారు అక్క వైపు తిరిగారు. "ఏమంటారు చెల్లెమ్మా?"

అక్క ఇడ్లీ తినడం ఆపలేదు. "ఏం చేస్తారు దీన్ని?"

"చక్రాలు తీసేసి, కింద ఇటుకలు కట్టేస్తానమ్మా. అటుపక్క గల్లాపెట్టె, ఇటుపక్క పెనం. ఇంక ఆగిపోయిద్దన్న బాధే ఉండదు."

"చక్రాలు తీసేస్తారా?"

"కదిలే పనేముందమ్మా దానికి?"

అక్క లేచి చేతులు కడుక్కుంది. నిదానంగా తుడుచుకుంది. బావ బస్సు వైపు చూడటం లేదు. రోడ్డు అవతల ఏదో సైకిల్ కొట్టు బోర్డు చదువుతున్నట్టు కూర్చున్నాడు. మూడు రోజులుగా ప్రతి పూటా ఆయన్ని ఏడిపించిన నేను, ఆ పూట ఆయనకు ఇంకో టీ చెప్పాను.

"అమ్మడం లేదండి అన్నయ్యగారూ" అంది అక్క. "ఏమీ అనుకోకండి. అది ఇంకా చాలా చోట్ల ఆగాల్సి ఉంది."

బావ ఒక్కసారి తల తిప్పాడు. అక్క ఆయన వంక చూడకుండానే, "ఇంక లేవండి. ఎండెక్కితే మళ్లీ ఇంజనుకు దాహమేస్తుంది" అని బస్సు వైపు నడిచింది. బావ లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. దాన్ని నేను ఎత్తి పెట్టాను.

ఎక్కి తాళం తిప్పాడు. టిక్ మని ఒక చప్పుడు, అంతే. ముందు రోజంతా ఫ్యాను వేసుకుని తిరిగాం. బ్యాటరీ పడుకుంది. నేను ఎవరూ చెప్పకముందే దిగి వెనక్కి వెళ్లాను. సుబ్బారావుగారు కొట్టు మెట్ల మీద నిలబడి కాసేపు చూసి, పైపంచె నడుముకు బిగించి, ఇడ్లీలు తింటున్న నలుగురిని పిలుచుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. అందరికంటే గట్టిగా తోసింది ఆయనే. వచ్చే దారిలో బావ ఆ మాట ఒప్పుకోలేదు గానీ, నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

బస్సు దగ్గి, అందుకుని, సాగింది. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదని బావ ఆపలేదు. నేను వెనక పరుగెత్తాను. అక్క తలుపు దగ్గర ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చెయ్యి నాకోసం చాపి నవ్వుతోంది.

"పరిగెత్తరా తమ్ముడూ" అంది. "ఆయన ఆపరు. నేను ఆపనివ్వను."